పెద్దనాయన స్లైడు, పెద్దమ్మ డబ్బాలు

మా పెద్దనాయన ఇంటికొస్తున్నాడని మాకు దగ్గుతోనే తెలిసేది. ఆయన కేసీ కెనాల్, అంటే కర్నూలు కడప కాలవ మీద లస్కరు, నీళ్ళ వంతులు నడిచే రోజుల్లో రాత్రంతా కాలవ గట్టు మీదే, ఏ తూము ఎంత ఎత్తాలి ఎప్పుడు దించాలి అంతా ఆయన చేతిలోనే. మబ్బులో ఇంటికొస్తుంటే సందు మొదట్లో ఒక దగ్గు, బోరింగు కాడ ఇంకోటి, అరుగెక్కేటప్పుడు మూడోది. మూడో దగ్గు వినపడంగానే పెద్దమ్మ లేచి పొయ్యి రాజేసేది. కంది కట్టె, తుమ్మ కంప, ఊదుగొట్టం, ఇల్లంతా పొగ. ఆ పొగలోనే పెద్దనాయన గోడకానుకుని ఇంకో బీడీ ముట్టించేటోడు. కర్నూల్లో హంద్రీ ఏటి పక్క పాత టౌన్లో ఆ ఇంట్లో మేము రెండు కుటుంబాలు, తొమ్మిది మందిమి.

నేను టెన్త్‌లో ఉండగా, 1978లో, ఆ దగ్గు మారింది. ఎట్లా మారిందంటే చెప్పడం కష్టం, గొంతులోనుంచి రావాల్సింది కడుపులోనుంచి వస్తున్నట్టు ఉండేది. మనిషి చిక్కిపోయినాడు, చొక్కా భుజాల మీద నిలవడం మానేసింది, తువ్వాలులో ఎర్ర మరకలు పెద్దమ్మ ఎవరికీ చూపించకుండా ఉతికేది. టౌన్లో పేరున్న ఒక డాక్టరు దగ్గరికి మా నాయన పిల్చుకుని పోతే ఎక్స్‌రే తీసి పైన కుడి పక్క మచ్చ ఉంది, టీబీ అన్నాడు. రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది, బిళ్ళలు. సూదులు పొడిచి పొడిచి పిర్ర గట్టి పడిపోయి ఆయన ఒక పక్కకే పడుకునేటోడు. కఫం పరీక్ష రెండు సార్లు చేస్తే రెండు సార్లూ టీబీ పురుగు కనపడలేదు, అయినా సూదులు ఆపలేదు, ఏడు నెలలు నడిచింది. చివరికి మెడ కింద, కాలరు ఎముక పైన, నిమ్మకాయంత గడ్డ తేలితే అప్పుడు పెద్దాసుపత్రికి పోయినాం. అక్కడ గడ్డలోంచి ముక్క తీసినారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని రిపోర్టు వచ్చిన మూడు వారాలకే 1979 ఉగాదికి ముందు ఆయన పోయినాడు. వయసెంతో మాకు తెలీదు, ఏదో కరువు సంవత్సరం పుట్టినాడనేది మా జేజి, అంతే లెక్క.

ఈ టీబీ సంగతి ఇక్కడే ఒక మాట చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే నా కెరీర్ మొత్తంలో ఇదే మాట చెప్తూ వచ్చినాను. మన దేశంలో టీబీ ఎక్కువ, అందుకే ఊపిరితిత్తిలో మచ్చ కనపడితే ముందు టీబీనే గుర్తొస్తుంది, అది తప్పు కాదు. కానీ కఫంలో పురుగు దొరక్క, మందులు వాడుతున్నా బరువు తగ్గుతూ, రక్తం పడుతూ ఉంటే కొన్ని వారాల్లోనే ఆగి సీటీ స్కాన్ తీయాలి, బ్రాంకోస్కోపీ, అంటే గొట్టం వేసి ఊపిరితిత్తి లోపల చూడటం, అది చేయాలి, ముక్క తీసి చూడాలి. ఇప్పటికీ క్యాన్సర్ ఆసుపత్రులకు వచ్చే ఊపిరితిత్తుల పేషెంట్లలో టీబీ మందులు నెలల తరబడి మింగి వచ్చినవాళ్ళు ఎంతమందో. ఏడు నెలలంటే ఆ జబ్బుకు చాలా టైం.

నాకు 1981లో కర్నూలు మెడికల్ కాలేజీలో సీటొచ్చింది. ఇంటి నుంచి నడిచి పోయేంత దూరం. పెద్దమ్మ మా వీధిలో అందరికీ బొరుగులు బెల్లం పంచింది. హౌస్ సర్జన్ అయ్యాక పీజీలో అందరూ గైనిక్ తీసుకో అమ్మీ అంటే నేను పాథాలజీ, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూసి జబ్బేదో చెప్పే చదువు తీసుకున్నాను, మా నాయన రెండు రోజులు మాట్లాడలేదు, పేషెంట్లు లేని డాక్టరు ఏం డాక్టరని.

మా డిపార్ట్‌మెంట్లో ఒక టెక్నీషియన్ అన్న ఉండేవాడు, రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. నాకు మైక్రోటోమ్ నేర్పింది ఆయనే, పుస్తకం కాదు. మైనంలో పోత పోసిన చిన్న ముక్కను ఆ మిషన్లో బిగించి చక్రం తిప్పుతుంటే బ్లేడు మీద నుంచి నాలుగైదు మైక్రాన్ల మందాన రిబ్బను వస్తుంది, ఉల్లిపొర కంటే ఎన్నో రెట్లు పలచన, దాన్ని కుంచెతో అందుకుని గోరువెచ్చని నీళ్ళ మీద తేలేస్తే ముడతలు విప్పుకుని పరుచుకుంటుంది, అప్పుడు కింది నుంచి గాజు పలక పెట్టి ఎత్తాలి. నా రిబ్బను ఎప్పుడూ మధ్యలో ఎగిరిపోయేది. "మొహం పక్కకి తిప్పు డాక్టరమ్మా, నీ ఊపిరికే ఎగిరిపోతాంది" అన్నాడు ఆయన. వారం రోజులు మొహం పక్కకి తిప్పి చక్రం తిప్పడమే ప్రాక్టీస్ చేసినా.

1989లో ఒక మధ్యాహ్నం ఆయన్ని అడిగినాను, అన్నా పదేళ్ళ కిందటి స్లైడ్లు ఉంటాయా అని. ఎవరివి అన్నాడు. చెప్పినా. ఆయన ఏం మాట్లాడకుండా పోయి పాత రిజిస్టరు తెచ్చినాడు, అంచులు చెదలు తిన్న పెద్ద పుస్తకం, 1979 మొదటి నెలలు వేలితో ఒక్కొక్క లైనూ చూసుకుంటూ పోతే పెద్దనాయన పేరు, తండ్రి పేరు, ఊరు, ఒక నంబరు. ఆ నంబరు పట్టుకుని చెక్క ట్రేలన్నీ వెతికి సాయంత్రం అయిదింటికి స్లైడు నా చేతిలో పెట్టినాడు. దుమ్ము తుడిచింది కూడా ఆయన చొక్కా కొంగుతోనే.

మైక్రోస్కోప్ కింద పెట్టినాను. రంగు కొంచెం వెలిసిపోయింది కానీ అంతా తెలుస్తోంది. నీలంగా పెద్ద పెద్ద కేంద్రకాలు, అక్కడక్కడ గులాబి రంగులో గుండ్రంగా పొర మీద పొర చుట్టుకున్నట్టు కెరటిన్ ముద్దలు. వాటినే కెరటిన్ పెర్ల్స్ అంటారు, అంటే ముత్యాలు. స్క్వేమస్ కార్సినోమా, అంటే పొలుసుల్లాంటి కణాల క్యాన్సర్ అని చెప్పడానికి అదే గుర్తు, అప్పట్లో పొగ తాగేవాళ్ళలో ఎక్కువగా కనపడింది అదే రకం. ఫస్టియర్ పీజీ కూడా తడుముకోకుండా చెప్పేస్తుంది. ఆ స్లైడు వదిలి లేవలేక లేవలేక ఆరున్నర దాకా కూర్చున్నా, అన్న లైట్లు ఆర్పకుండా గుమ్మం దగ్గర స్టూలేసుకుని కూర్చున్నాడు. నాకు కళ్ళ ముందు కాలవ గట్టు, చీకట్లో ఎర్రగా బీడీ నిప్పు. లండన్లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో సహా అచ్చు వేసింది 1950లో, పెద్దనాయన లస్కరు కొలువులో చేరింది కూడా ఆ రోజుల్లోనే. ఆ మాట సుంకేసుల నుంచి కడప దాకా ఆ కాలవ పొడుగునా బీడీ తాగే ఒక్క మనిషికైనా చేరడానికి ఇంకెన్నేళ్ళు పట్టిందో.

అప్పటికి మా పుస్తకాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ అంటే రెండే రెండు ముక్కలు, స్మాల్ సెల్, నాన్ స్మాల్ సెల్. రెండో దాంట్లో స్క్వేమస్ అయినా, గ్రంథి కణాల్లాంటి వాటితో వచ్చే అడినోకార్సినోమా అయినా, పొగ తాగినవాడైనా తాగనివాడైనా అందరికీ దాదాపు ఒకే ట్రీట్‌మెంట్. పేరొకటే కాబట్టి జబ్బూ ఒకటే అనుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నా.

1995లో టెక్సస్‌లో ఒక యూనివర్సిటీ ల్యాబుకు పోయినాను. మొదటి ఏడాది గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, చలి, ఒంటరితనం, పప్పూ అన్నం. కానీ అక్కడ నా చేతికిచ్చిన మొదటి సెల్ లైన్ మాత్రం మర్చిపోలేను. ఏ549 అని దాని పేరు. 1972లో 58 ఏళ్ళ ఒక మనిషి ఊపిరితిత్తి క్యాన్సర్ గడ్డలోనుంచి తీసిన కణాలు, ఆ మనిషి ఎవరో ఎవరికీ పేరు చెప్పరు, కణాలు మాత్రం ప్రపంచమంతా ల్యాబుల్లో ఇప్పటికీ పెరుగుతూనే ఉన్నాయి. గులాబి రంగు నీళ్ళలో పెంచుతాం వాటిని, మేత అయిపోయి పులిస్తే ఆ నీళ్ళు పసుపు రంగుకు తిరుగుతాయి, అంటే ఆకలేస్తోందని. ఆదివారమైనా పండగైనా పోయి నీళ్ళు మార్చాల్సిందే. సంక్రాంతి నాడు ఒక్కదాన్నే ల్యాబులో ఫ్లాస్కులు మారుస్తూ ఈయన మా పెద్దనాయన వయసువాడే అయ్యుంటాడు అనుకున్నా, ఆ రోజు నుంచి ఆ ఫ్లాస్కుల్ని విసురుగా పెట్టలేకపోయేదాన్ని.

నేను పని చేసింది కణం పైపొర మీద ఉండి పెరగమనే మాట అందుకునే ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్, దాని వెనకాల నడిచే సిగ్నళ్ళ మీద. 2003లో అమెరికాలో జెఫిటినిబ్ అనే బిళ్ళకు అనుమతి వచ్చింది, ఆ ప్రొటీన్ని ఆపే మందు. విచిత్రం ఏందంటే పదిమందికి ఇస్తే ఒకరికి మాత్రమే పని చేసేది, కానీ ఆ ఒక్కరికి మంచం మీదున్న మనిషి లేచి నడిచేంత పని చేసేది. ఎవరు ఆ ఒక్కరు? ఆడవాళ్ళలో ఎక్కువ, పొగ తాగని వాళ్ళలో ఎక్కువ, మన ఆసియా వాళ్ళలో ఎక్కువ, అడినోకార్సినోమాలో ఎక్కువ. ఎందుకో తెలియదు. 2004 ఏప్రిల్ ఆఖర్లో బోస్టన్‌లోని రెండు గుంపులు ఒకే రోజు జవాబు బయటపెట్టినాయి, కొన్ని నెలలకు న్యూయార్క్ నుంచి మూడో గుంపు కూడా. ఆ పేషెంట్ల గడ్డల్లో ఈజీఎఫ్ఆర్ జీన్‌లోనే తప్పు, అంటే మ్యుటేషన్ ఉంది, జీన్‌లో ఒక్కో ముక్కను ఎక్సాన్ అంటారు, ఎక్సాన్ 19లో చిన్న ముక్క ఎగిరిపోయి ఉంటుంది, లేకపోతే ఎక్సాన్ 21లో ఒక్క అక్షరం మారి ఉంటుంది. ఆ పేపర్లు ప్రింట్ తీసుకుని మా ల్యాబులో అందరం నిలబడే చదివినాం, కూర్చోవాలని ఎవరికీ గుర్తు రాలేదు. ఇన్నేళ్ళు ఒక జబ్బు అనుకున్నది ఒకటి కాదని నాకు నిజంగా ఒంట్లోకి ఎక్కింది ఆ రోజు.

రెండేళ్ళకు, 2006లో, కర్నూలు నుంచి అన్న ఫోను, పెద్దనాయన కొడుకు. పెద్దమ్మకు రెండు నెలలుగా దగ్గు, ఊపిరితిత్తి చుట్టూ నీరు, హైదరాబాద్‌లో ముక్క తీసినారు, అడినోకార్సినోమా.

నేను సెలవు పెట్టి వచ్చేసరికి ఆమెను అప్పటికే చుట్టాలు చూసిపోతున్నారు. వచ్చిన ప్రతి ఒక్కరూ అదే అడుగుతున్నారు, బీడీ తాగేదా, తంబాకు నమిలేదా, నశ్యం పీల్చేదా. నర్సు అడిగింది, పక్క మంచం ఆమె అడిగింది, మా సొంత మేనత్త అడిగింది. జీవితంలో ఒక్క బీడీ ముట్టని మనిషి, మొగుడి చేతిలో బీడీ చూస్తేనే గొణుక్కునే మనిషి, సంజాయిషీ చెప్పుకుంటూ పడుకుని ఉంది. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. రాత్రి అందరూ పోయాక నా చెయ్యి పట్టుకుని, "నేనేం తప్పు జేస్తినని అమ్మీ, ఆయనంటే తాగినాడు, నాకేల వచ్చె?" అంది.

ఏం చెప్పాలి? కట్టెల పొయ్యి పొగ, ఇంట్లో ఇరవై ముప్పై ఏళ్ళు పీల్చిన బీడీ పొగ, ఇవన్నీ చెప్పొచ్చు, కానీ ఆమె అడుగుతున్నది అది కాదు. అందుకే ఆమెకు తెలిసిన భాషలో చెప్పినా. పెద్దమ్మా, ప్రతి కణానికీ ఒక తూము ఉంటుంది, పెరుగు అని మాట వస్తే తూము ఎత్తుతారు, చాలు అంటే దించుతారు, కొందరికి ఆ షట్టరు ఎత్తినచోటే ఇరుక్కుపోతుంది, ఎవరూ ఎత్తకపోయినా నీళ్ళు పోతానే ఉంటాయి, అందులో నీ తప్పేం లేదు. ఆమె చాలాసేపు పైకి చూస్తూ ఉండి, "మీ పెద్దనాయన ఉంటే రాత్రికి రాత్రి పోయి దించేసి వచ్చేటోడు" అంది. తర్వాత, "దాన్ని దించే బిళ్ళేమన్నా ఉందా మీ తావ?"

ఉందో లేదో చెప్పాలంటే ముందు జీన్ చూడాలి. అప్పట్లో ఆ టెస్టు మన దగ్గర తేలిగ్గా దొరికేది కాదు. ఆమె ముక్కను పోత పోసిన మైనం బ్లాకులోంచి కోసిన పొరలు నాతో తీసుకుపోయినా. టెస్టు మాత్రం నేను చేయలేదు, చేతులు ఆడవని తెలుసు, పేరు లేకుండా కోడ్ నంబరు వేసి పక్క బెంచి సహోద్యోగికి ఇచ్చినా. నాలుగో రోజు ఆమె నన్ను పిలిచి స్క్రీన్ చూపించింది. డీఎన్ఏ సీక్వెన్స్ అంటే నాలుగు రంగుల్లో వరసగా శిఖరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు. ఒక చోటు దాకా ఒకదాని పక్కన ఒకటి శుభ్రంగా వచ్చినాయి, అక్కడి నుంచి ఒకదాని మీద ఒకటి జంటగా పడిపోయినాయి, రాత్రిపూట రేడియోలో ఒక స్టేషన్ మీద ఇంకో స్టేషన్ పడితే ఎట్లుంటుందో అట్లా. ఒక కాపీ మంచిది, రెండో కాపీలో పదిహేను అక్షరాలు లేవు. ఎక్సాన్ 19 డిలీషన్, అంటే ఆ ముక్క ఎగిరిపోవడమే. క్యాన్సర్ రిపోర్టు చూసి సంతోషంతో ఏడ్చిన మనిషిని అంతకు ముందు నేను చూడలేదు, ఆ రోజు నేనే ఏడ్చినా.

రోజుకొక బిళ్ళ, 250 మిల్లీగ్రాములు, మన దేశంలోనే తయారైన జెనరిక్. పదో రోజుకు దగ్గు తగ్గిందన్నాడు అన్న. మూడో వారానికి పెద్దమ్మే ఫోనులో మాట్లాడింది, మధ్యలో ఆయాసపడకుండా. మొహం నిండా మొటిమల్లాగా పొక్కులు వచ్చినాయి, "ఈ వయసులో నాకు మొటిమలేంది అమ్మీ" అని సిగ్గుపడింది. చర్మంలోనూ అదే ఈజీఎఫ్ఆర్ ఉంటుంది కాబట్టి వస్తాయి అవి, మందు తగులుతోందన్నట్టు అని చెప్తే సరేలే అంది. రెండు నెలలకు తీసిన సీటీలో నీరు లేదు, గడ్డ సగానికి సగం లేదు.

2008 జనవరిలో వచ్చినప్పుడు ఆమె లేచి నాకు ఉగ్గాని చేసి పెట్టింది, పక్కన మిరపకాయ బజ్జీలు కూడా. నేను వంటింట్లో గూట్లో చూద్దును కదా, ఒకే సైజు తెల్ల డబ్బాలు వరసగా. నెలకో డబ్బా మందు, అయిపోగానే కడిగి ఎండబెట్టి దాచుకుంది. ఒకదాంట్లో ఆవాలు, ఒకదాంట్లో మెంతులు, జీలకర్ర, ఇంగువ, గసాలు, ఒకదాంట్లో గుండీలు, సూది దారం, ఒకదాంట్లో చిల్లర. "మూత బాగా గట్టిది, చీమ కూడా పోదు" అని చూపించింది. నేను లెక్కపెట్టినా, పదహారు. పెద్దనాయనకు దొరికింది ఏడు నెలల సూదులు. ఈమెకు పదహారు డబ్బాలు, అప్పటికి.

ఇరవై ఒకటో డబ్బా నడుస్తుండగా దగ్గు మళ్ళీ మొదలైంది. అది వస్తుందని నాకు తెలుసు, 2005లోనే కనిపెట్టినారు, టీ790ఎం అనే రెండో మ్యుటేషన్, అది వస్తే ఆ బిళ్ళ పట్టు తప్పిపోతుంది. ఫోనులో ఎట్లా చెప్పాలా అని నేను తడుముకుంటుంటే ఆమే అంది, "గండి పడిందా అమ్మీ?" అవును పెద్దమ్మా అన్నాను. "సర్లే, ఏడవాకు, కాలవన్నాక పడతాది" అంది. ఆగస్టులో పోయింది. నేను వచ్చేసరికి మూడో రోజు.

ఆ తర్వాత ఏడేళ్ళు నేను చేసిన పని ఎక్కువగా ఎచ్1975 అనే సెల్ లైన్ మీదే. 1988లో పొగ తాగని ఒక ఆడమనిషి నుంచి తీసిన కణాలవి, షట్టరు ఇరికించే మ్యుటేషన్, గండి కొట్టే టీ790ఎం రెండూ వాటిలోనే ఉన్నాయి. ఎన్ని లక్షల మందికి పనికొచ్చిందో ఆ తల్లి ఎవరో. ప్రపంచమంతా ఎన్నో ల్యాబులు ఆ కణాల మీద కొత్త మందులు పోసి చూసినవాళ్ళే, వాటిలో మాదొకటి. 2015 నవంబర్లో ఓసిమెర్టినిబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది, టీ790ఎం ఉన్నా పని చేసే బిళ్ళ. ఆ రోజు అన్నకు ఫోన్ చేసి చెప్పినా. ఆయన కొంచెంసేపు ఊరుకుని, "అమ్మకు అందకపాయె" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు ఇద్దరం.

ఇప్పుడు రిటైరై కర్నూల్లోనే ఉంటున్నాను. మెడికల్ కాలేజీ పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తారు, వాళ్ళకు చెప్పేది రెండు సంగతులే, మందులకు తగ్గని మచ్చను నెలల తరబడి టీబీ అనుకుంటూ కూర్చోవద్దు, పేషెంటును బీడీ తాగినావా అని అడిగే గొంతులో తప్పు పట్టడం ఉండకూడదు. మన వాళ్ళ అడినోకార్సినోమాల్లో ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ పాశ్చాత్య దేశాల కంటే ఎక్కువే కనపడుతుంది, అందుకే జీన్ టెస్టు చేయకుండా ట్రీట్‌మెంట్ మొదలుపెట్టొద్దని బతిమాలతాను.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి మీ పెద్దనాయన గారి ఎక్స్‌రే ఉందా మేడం అని అడిగింది మొన్న. లేదు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీద పడినప్పుడు మా పాత ఇల్లు మిద్దె దాకా మునిగింది. అన్నా వదినా పిల్లలూ ముందే బయటపడినారు, అదే పదివేలు. నీళ్ళు తీశాక పోయి చూస్తే ఇంట్లో మోకాలి లోతు బురద. ట్రంకు పెట్టె తెరిస్తే ఎక్స్‌రే మీద బొమ్మ పాల మీద మీగడ లాగా జారి చేతికొచ్చేసిందంట, ముప్పై ఏళ్ళు పెద్దమ్మ దాచిన ఆ మచ్చ పోయి ఉత్త నీలం షీటు మిగిలింది. డబ్బాలు మాత్రం నీళ్ళ మీద తేలి అటక సందుల్లో, కిటికీ ఊచల్లో ఇరుక్కుని దొరికినాయి, పదకొండు. వదిన బురద కడిగి ఒక్కొక్కటే మూత తీసి చూస్తే లోపల పొడిగానే ఉన్నాయంట. పన్నెండు రోజుల తర్వాత ఆ ఇంట్లో మళ్ళీ పొయ్యి వెలిగించి పప్పు చేసినప్పుడు తిరగవాతకు వదిన వేసింది పెద్దమ్మ డబ్బాలో ఆవాలే.